అమెరికాలోని డైనర్‌లో (చిన్న హోటల్లో) తిన్నట్టు పొంగే పాన్‌కేక్ కావాలంటే
మైదా కప్పు, పంచదార పెద్ద చెంచా, బేకింగ్ పౌడర్ చిన్న చెంచా, వంటసోడా అందులో సగం, ఉప్పు చిటికెడు. ముప్పావు కప్పు పుల్ల పెరుగులో పావు కప్పు పాలు, ఒక గుడ్డు, 2 పెద్ద చెంచాల కరిగించిన వెన్న చిలికి ఇందులో పోయండి. పిండి తడిస్తే చాలు, కలపడం ఆపేయండి. చిన్న ఉండలు ఉండాల్సిందే! నున్నగా గిలక్కొడితే మైదాలో గ్లూటెన్ (జిగురుగా సాగే ప్రొటీన్) సాగి అట్టు రబ్బరులా అవుతుంది. 10 నిమిషాలు పక్కన పెట్టండి.

పెనానికి నూనె రాసి, గుడ్డతో తుడిచేయండి. వెన్న రాస్తే మచ్చలుగా మాడి, ఆ సమానమైన బంగారు రంగు రాదు. సన్నటి సెగ మీద పావు కప్పు పిండి పోయండి. బుడగలు పగిలి, చిల్లులు పూడకుండా నిలిచాకే తిప్పండి. అట్లకాడతో మాత్రం నొక్కొద్దు, పొంగంతా అణిగిపోతుంది.