కంపెనీ పేరు పెట్టే ముందు ఒక పూట వెతకండి

బెంగళూరులో కంపెనీ పెట్టాలనుకునే మనవాళ్లకు ఒక మాట. పేరు ఖాయమయ్యేదాకా బోర్డు రాయించకండి, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించకండి.

మారతహళ్లిలో ఉండే మా తోడల్లుడు పచ్చళ్ల వ్యాపారానికి లక్ష్మి పేరు పెట్టాలనుకున్నాడు. అదే పేరుతో ముందే ఒక కంపెనీ ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ‘కెఎస్‌హెచ్’ తీసి ‘ఎక్స్’ పెడితే సరిపోతుందనుకున్నాడు. సరిపోదు. పలికితే ఒకేలా వినిపించే పేర్లను నిబంధనలు ఒకటిగానే చూస్తాయి. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక ‘ఎ’ ఎక్కువ చేర్చినా, మాటలు అటూ ఇటూ మార్చినా, చివర అంకె తగిలించినా అంతే. ఉన్న పేరుకు ‘బెంగళూరు’ చేర్చినా కొత్త పేరు కాదు. ‘బ్యాంక్’, ‘ఇన్సూరెన్స్’ వంటి మాటలకైతే సంబంధిత నియంత్రణ సంస్థ అనుమతి కావాలి.

అందుకే ముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. ఆ తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో మీ సరుకు ఏ తరగతిలోకి వస్తుందో చూసి అక్కడా వెతకండి. చాలామంది వదిలేసేది ఈ రెండోదే. ఒకరి ట్రేడ్‌మార్క్‌ను పోలిన పేరు కూడా తిరస్కరణకు గురవుతుంది.

కంపెనీ నమోదుకు ఆన్‌లైన్‌లో నింపే ‘స్పైస్ ప్లస్’ ఫారం మొదటి భాగంలో రెండు పేర్లు ఇవ్వవచ్చు, రుసుము 1,000 రూపాయలు. రెండో పేరును కూడా మనసుపెట్టి ఎంచుకోండి. ఆమోదం వచ్చాక పేరు మీకోసం 20 రోజులు ఉంటుంది కాబట్టి, మిగతా కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. మా తోడల్లుడు చివరికి వాళ్ల అమ్మమ్మ ఊరి చెరువు పేరు పెట్టుకున్నాడు. ఒక్క అభ్యంతరమూ రాలేదు.