డెలవియాగాలో డిస్క్ గోల్ఫ్ ఆడబోతున్నారా? డిస్క్ పోతే పోనివ్వండి

ఏప్రిల్ వచ్చిందంటే కాలిఫోర్నియాలో శాన్ హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్ వైపు ఉన్న మన వాళ్లకి శని, ఆదివారాల్లో కాళ్లు ఇంట్లో నిలవవు. హైవే 17 ఎక్కి కొండ దాటితే శాంటా క్రూజ్. అక్కడి డెలవియాగా పార్కులో డిస్క్ గోల్ఫ్ ఆడదామని ఈ మధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. తప్పకుండా వెళ్లండి. 1984లో మొదలైన కోర్సు, అంటే ఆట మైదానం అది. ప్రపంచంలో పేరున్న కోర్సుల్లో ఒకటి, పైగా పబ్లిక్ పార్కులోనే ఉంది. కాకపోతే మీ ఇంటి పక్క పార్కులో పచ్చిక మీద ఆడినట్టు అక్కడ ఆడితే వారం రోజులు బాధపడాల్సి వస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. గోల్ఫ్‌లాంటి ఆటే ఇది. బంతికి బదులు పళ్లెంలాంటి డిస్క్, గుంతకి బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎన్ని తక్కువ విసుర్లలో డిస్క్‌ని బుట్టలో వేస్తే అంత గొప్ప. డెలవియాగాలో ఆ బుట్టలు చాలావరకు ఏటవాలు మీద, లోయల అంచున, ఓక్ చెట్ల మధ్య ఉంటాయి. విసిరిన డిస్క్ కాస్త పక్కకి పోతే చాలు, అంచు మీద నిలబడి చక్రంలా దొర్లుకుంటూ కిందకి వెళ్లిపోతుంది. అసలు ప్రమాదం విసరడంలో కన్నా, ఆ డిస్క్ కోసం వెనకాలే పొదల్లోకి దిగడంలో ఉంది.

ఆ పొదల్లో ఉండేది పాయిజన్ ఓక్. పేరులో ఓక్ ఉన్నా అది ఓక్ కాదు. మన మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన మొక్క. చిన్నప్పుడు మామిడికాయ తొడిమ తుంచగానే సొన చిమ్మి మూతి పక్కన పుండు పడ్డ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి గింజ రసం తగిలితే చర్మం పొక్కిపోతుందని మన పెద్దవాళ్లకి తెలుసు. పలాసలో జీడిపిక్కలు వలిచేవాళ్ల చేతులు చూసినా తెలుస్తుంది. పాయిజన్ ఓక్‌లో ఉండే ఉరుషియాల్ అనే నూనె ఆ జాతిదే. అందుకే మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఈ మొక్క గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. "దీంట్లో జీడి ఉంటుందమ్మా" అన్నాను, అంతే. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దారి మధ్యలోకి వచ్చేసింది.

గుర్తు పట్టడం ఎలాగంటే, ఒక్కో కాడకి మూడేసి ఆకులు. మధ్య ఆకుకి కాడ కాస్త పొడుగు, పక్క ఆకులు రెండూ దాదాపు కాడకి అంటుకుని ఉంటాయి. అంచులు ఓక్ ఆకులా గుండ్రని వంకరలు తిరిగి ఉంటాయి. ఇప్పుడు, వసంతంలో, లేత ఆకు నిగనిగలాడుతూ ఒక్కోసారి ఎర్రగా ఉంటుంది. ఎండాకాలం చివరికి ఆకు అంతా ఎర్రబడి ఎంతో అందంగా కనిపిస్తుంది. పిల్లలు తుంచేది అప్పుడే. చలికాలంలో ఆకు రాలిపోయి ఉత్త పుల్లలే మిగులుతాయి, ఆ పుల్లల్లోనూ నూనె ఉంటుంది. ఇది ఒకచోట పొదలా, ఇంకోచోట చెట్టుకి పాకిన తీగలా పెరుగుతుంది. మా స్నేహితుడు ఒకాయన కింద పొదల్ని జాగ్రత్తగా తప్పించుకుని, తీరా బాలెన్స్ కోసం చెట్టు మొదలు పట్టుకున్నాడు. ఆ మొదలుకే తీగ పాకి ఉంది. రెండో రోజుకి అరచెయ్యి వెనక, మణికట్టు చుట్టూ నీటి పొక్కులు. రెండు వారాలు కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాడు.

"నేను పోయినసారి దిగాను, నాకేం కాలేదు" అనేవాళ్లు ఉంటారు. ఆ ధైర్యం మీద నమ్మకం పెట్టుకోవద్దు. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి ఏమీ కనిపించదు. ఒంటికి అది పడదని తెలిసేది తర్వాతి సారే.

కాబట్టి బయలుదేరే ముందే ఇంట్లో ఒక నిర్ణయం తీసుకోండి. డిస్క్ మూడాకుల పొదలో పడితే వదిలేస్తాం అని. ఆట నియమాలు కూడా ఇందుకు దారి ఇస్తాయి. డిస్క్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే విసరాలన్న బలవంతం లేదు. ఒక పెనాల్టీ విసురు కలుపుకుని, బుట్టనీ డిస్క్ ఉన్న చోటునీ కలిపే ఊహాగీత మీద, బుట్టకి దూరంగా వెనక్కి వచ్చి విసరొచ్చు. కనిపించని డిస్క్ కోసం వెతకడానికి పోటీల్లో ఇచ్చేది మూడు నిమిషాలే. మీరూ అంతే పెట్టుకోండి. మామూలు డిస్క్ ఖరీదు ఇరవై డాలర్లకి అటూఇటూ. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే దానికన్నా ఎన్నో రెట్లు అవుతుంది. ఇష్టమైన కొత్త డిస్కులు ఇంట్లో ఉంచి పాతవి తీసుకెళ్లండి. ఆకుపచ్చ, గోధుమ రంగులు వద్దు. గులాబీ, నారింజ రంగులవైతే దూరం నుంచే కనిపిస్తాయి. అడుగున పేరు, ఫోన్ నంబరు రాసి ఉంచండి, దొరికినవాళ్లు ఫోన్ చేసే అవకాశం ఉంటుంది. చివర కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఒకటి బ్యాగులో ఉంటే పొదలోకి దిగకుండానే డిస్క్ లాక్కోవచ్చు. ఆ తర్వాత ఆ కర్ర కొసకి కూడా నూనె అంటుకుని ఉంటుందని మర్చిపోవద్దు.

చాలామందికి తెలియని సంగతి ఇదే. నూనె డిస్క్‌కి అంటుకుంటుంది, బూట్ల తాళ్లకి అంటుకుంటుంది, కుక్క బొచ్చుకి అంటుకుంటుంది, అక్కడి నుంచి కారు సీటుకి. మీరు మొక్కని ముట్టుకోకపోయినా, ఆ డిస్క్ పట్టుకున్న చేత్తో ముఖం తుడుచుకుంటే సరిపోతుంది. తగిలిందని అనుమానం వస్తే ఆగకుండా సబ్బూ, చల్లటి నీళ్లూ. ఎంత తొందరగా కడిగితే అంత మేలు. అందుకే కారులో ఒక పెద్ద బాటిల్ నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక చిన్న సీసా పెట్టుకోండి. నూనె జిడ్డు దానికి బాగా వదులుతుంది. గోళ్ల కింద కూడా రుద్దండి. ఇంటికి వచ్చాక ఆ బట్టల్ని మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి. డిస్కులు చేతికి తొడుగు వేసుకుని బకెట్లో సబ్బునీళ్లతో కడగండి. పొక్కులు లేస్తే గోకొద్దు. చల్లటి గుడ్డ, కాలమైన్ పూత కొంత ఉపశమనం ఇస్తాయి. ముఖం మీద, కళ్ల దగ్గర వచ్చినా, ఒళ్లంతా పాకినా, ఊపిరి కష్టమైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇంకో మాట: పాయిజన్ ఓక్ పడనివాళ్లలో కొందరికి మామిడిపండు తొక్క కూడా పడదు. ఒకసారి పొక్కులు వచ్చినవాళ్లు మామిడి సీజన్‌లో పండుని తొక్కతో చీకకుండా ముక్కలు కోయించుకుని తినండి.

తర్వాత భయపడాల్సింది డిస్క్ దెబ్బకి. దూరం విసరడానికి వాడే డ్రైవర్ అనే రకం డిస్క్ సుమారు 175 గ్రాముల దాకా ఉంటుంది, అంచు పలచగా గట్టిగా ఉంటుంది. బీచ్‌లో పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీతో దాన్ని పోల్చకండి. తలకి తగిలితే కుట్లు పడతాయి. ముందున్న గుంపు బుట్ట దగ్గర పని ముగించుకుని పూర్తిగా పక్కకి వెళ్లేదాకా విసరకండి. పిల్లలైనా పెద్దలైనా విసిరే మనిషికి వెనకే నిలబడాలి. పార్కు అందరిదీ, నడిచేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు మనం ఆడుతున్నామని తెలియకుండానే దారిలోకి వస్తారు. వాళ్లని పోనిచ్చి విసరాలి. డిస్క్ ఎవరి వైపైనా పోతోందనిపిస్తే సిగ్గుపడకుండా గొంతెత్తి "ఫోర్!" అని అరవండి. అదే అరుపు మీ చెవిన పడితే ఎక్కడి నుంచి వస్తోందా అని తల ఎత్తి చూడొద్దు. రెండు చేతులతో తల కప్పుకుని వంగండి, దగ్గర్లో చెట్టుంటే దాని వెనక్కి వెళ్లండి.

నేల సంగతి. ఎండిన ఓక్ ఆకుల కింద గట్టి మట్టి, దాని మీద సన్నటి దుమ్ము. మామూలు స్పోర్ట్స్ బూట్లు జారతాయి. పట్టు ఉండే ట్రెయిల్ బూట్లు వేసుకోండి. ఏటవాలు మీద పరుగు తీసి విసరొద్దు, నిలబడి విసిరితే పోయేది కాస్త దూరమే, మడమ మిగులుతుంది.

విరిగి పడున్న దుంగ కనపడితే కూర్చోబుద్ధేస్తుంది. ఈ నెలల్లో అది మంచిది కాదు. గొడ్లకి పట్టే పిడుదుల్లాంటివే (ఇక్కడ టిక్స్ అంటారు) మనుషులకీ పడతాయి. వాటి పిల్లలు గసగసం గింజంత ఉంటాయి, రాలిన ఆకుల్లో, దుంగల మీద ఉంటాయి, లైమ్ అనే బాక్టీరియా జబ్బు తెచ్చేది ఎక్కువగా అవే. లేత రంగు ప్యాంటు వేసుకుని అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి నెల రోజుల్లో జ్వరం గానీ, చుట్టూ పాకే ఎర్ర మచ్చ గానీ వస్తే డాక్టర్‌కి టిక్ కుట్టిన సంగతి చెప్పండి.

ఎండ పెరిగాక రాటిల్ పాములు కూడా బయటికి వస్తాయి. కనిపించని చోట చెయ్యి పెట్టొద్దు. కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం, ఇవేవీ చెయ్యకుండా మనిషిని కదలనివ్వక 911కి ఫోన్ చేయండి. ఏ హోల్ (విసరడం మొదలుపెట్టే చోటు నుంచి దాని బుట్ట దాకా ఉన్న భాగం) దగ్గర ఉన్నారో నంబరు చెప్పండి. అందుకోసమైనా ప్రతి టీ (మొదటి విసురు విసిరే చోటు) దగ్గర నంబరు గమనిస్తూ ఉండండి.

ఇక అందరూ ఎదురుచూసే 27వ హోల్, టాప్ ఆఫ్ ద వరల్డ్. కొండ మీద నుంచి కిందున్న బుట్టకి 500 అడుగులకి పైనే దూరం, ఆకాశం బాగుంటే మాంటెరే అఖాతం కనిపిస్తుంది. అక్కడికి వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు, ఉత్సాహం మాత్రం తగ్గదు. భుజం పట్టేసేదీ, డిస్క్ ఎటో పోయేదీ అక్కడే. ముందు నీళ్లు తాగండి, నాలుగైదు సార్లు చెయ్యి తిప్పండి. మీలో ఒకరు కిందకి దిగి పక్కగా, చెట్టు చాటున నిలబడి డిస్క్ పడే చోటు చూడాలి, ఎవరైనా అడ్డం వస్తే పైకి చెప్పాలి. పొద్దున్నే సముద్రం మీద నుంచి మంచు కమ్మితే బుట్ట కనిపించదు. అప్పుడు కింద ఉన్న మనిషి కూడా కనిపించడు. మంచు తొలిగేదాకా ఆగి, ఆ మనిషి చెయ్యి ఊపాకే విసరండి.