కోను దగ్గర బండి తిరగనంటోందా? ఆటోక్రాస్‌కి సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ చూసేవాళ్లకి సమస్య – పరిష్కారం

నెల్లూరు నుంచి ఒంగోలుకి గంటన్నరలో కొట్టేసే బండి ఆటోక్రాస్‌లో కూడా అదరగొడుతుందని నమ్మకండి. ఇక్కడ లెక్క వేరు. ఖాళీ మైదానంలో కోన్లు పెడతారు, ఒక్కో బండి విడిగా వెళ్తుంది, పోటీ అంతా స్టాప్‌వాచ్‌తోనే. వేగం ముప్పై నుంచి డెబ్బై మధ్య, ఎక్కువ భాగం రెండో గేరులోనే. అందుకే ముందు చక్రాలు లాగే మామూలు హ్యాచ్‌బ్యాక్ నేర్చుకోవడానికి చాలు. కాకపోతే దాని లోపాలన్నీ మొదటి పది కోన్లలోనే బయటపడతాయి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీనికంటూ ట్రాక్ లేదు. దగ్గరలో ఉన్నది చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో. ప్రాక్టీసుకి ఊరి బయట రోడ్లు వేసి వదిలేసిన వెంచర్లు బాగుంటాయి, కానీ ఓనరు అనుమతి తీసుకోండి, గేటు వేసుకోండి. పబ్లిక్ రోడ్డు మీద మాత్రం వద్దు.

కింద చెప్పిన లక్షణాలు కొనేముందు టెస్ట్ డ్రైవ్‌లోనూ కనపడతాయి, కొన్నాక ప్రాక్టీసులోనూ కనపడతాయి. వెతికే వరస మాత్రం ఒకటే: ముందు గాలి, తర్వాత టైరు వయసు, ఆ తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాన్ని కింద నుంచి పట్టుకునే ఆర్మ్‌కి ఉండే రబ్బరు ముక్కలు). ఈ మూడూ చూడకుండా స్ప్రింగులు, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాక్ సెట్లు) కొని డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

స్టీరింగ్ తిప్పినా ముందు భాగం నేరుగా తోసుకుపోతోంది

దీన్నే అండర్‌స్టీర్ అంటారు. మొదట అనుమానించాల్సింది గాలిని. బంకులో కొట్టించాం కదా అంటారు. ఒక బంకు గేజీకీ ఇంకో బంకు గేజీకీ పొంతన ఉండదు, పైగా అక్కడికి చేరేసరికే టైరు వేడెక్కి ఉంటుంది. సొంత గేజీ ఒకటి కొనండి. పొద్దున్నే బండి కదలకముందు చూడండి. టైరు లోపలి వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఒంగోల్లో ఎండలో నిలబెట్టిన బండికి ఎండ తగిలే పక్క టైర్లు, నీడ పక్క టైర్లు వేరువేరు లెక్క చూపిస్తాయి. ఆ తేడా చూసి బండి ఒక పక్కకి లాగుతోందని అనుకుంటారు.

తారు, సిమెంటు నేల మీద మొదలుపెట్టాల్సిన లెక్క: డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికి ముందు టైర్లలో 4 పీఎస్‌ఐ ఎక్కువ, వెనక టైర్లలో ముందువాటికంటే ఇంకో 2 ఎక్కువ. టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. తర్వాత సుద్దముక్క తీసుకుని ముందు టైర్ల ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ మీదికి మూడు చోట్ల అడ్డంగా గీయండి. ఒక రన్ వెళ్లి వచ్చి చూడండి. సుద్ద పక్కగోడ మీద కూడా చెరిగిపోయిందంటే మలుపులో టైరు మడతపడుతోందన్నమాట, గాలి పెంచాలి. ట్రెడ్ అంచున ఉన్న సుద్ద చెక్కుచెదరలేదంటే గాలి ఎక్కువైంది, తగ్గించాలి. ఒక్కో పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ, మార్చిన ప్రతిసారీ కొత్తగా గీయాలి. ఖర్చు ఒక సుద్దముక్క.

గాలి సరిగ్గా ఉన్నా తోసుకుపోతుంటే టైరు పుట్టిన తేదీ చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. "టైర్లు కొత్తవే అన్నా, గాడులు లోతుగా ఉన్నాయి" అని అమ్మేవాళ్లు చెప్తారు, గాడులు నిజంగానే లోతుగా ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ బండి టైరులో రబ్బరు గట్టిపడి చెక్కలా అవుతుంది. ట్రెడ్ మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూడండి. కొంచెం కూడా దిగకపోతే అది కోన్ల మధ్య పట్టు ఇవ్వదు. ఐదేళ్లు దాటిన టైర్లున్న బండికి నాలుగు టైర్ల ధర తీసేసి బేరం మొదలుపెట్టండి.

స్విఫ్ట్ చూస్తుంటే ఒక మాట. కింది వేరియంట్లకి 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్లకి 185/65 ఆర్15. రెండిటి బయటి వ్యాసం తేడా రెండు మిల్లీమీటర్లే. కాబట్టి 15 అంగుళాల చక్రాలు వేసినా స్పీడోమీటర్ తప్పు చూపించదు, పక్కగోడ పొట్టిదై మడత తగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తోసుకుపోతుంటే నడిపే చేతిని చూడాలి. వేగంగా వెళ్లి కోను దగ్గర స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పేస్తే టైరు ఇంకా జారుతుంది. బ్రేక్ ముందే ముగించి, స్టీరింగ్ తక్కువ తిప్పండి.

బ్రేక్ వేస్తే ఒక పక్కకి, యాక్సిలరేటర్ ఇస్తే ఇంకో పక్కకి

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. అలైన్‌మెంట్ చేయించి ఉంటారు, రిపోర్టులో అన్నీ పచ్చగానే ఉంటాయి. అయినా కోను ముందు బ్రేక్ నొక్కగానే స్టీరింగ్ కొంచెం ఎడమకి గుంజుతుంది, మలుపు దాటి యాక్సిలరేటర్ ఇవ్వగానే కుడికి గుంజుతుంది. హైవే మీద తిన్నగా పోతుంది. మళ్లీ అలైన్‌మెంట్, మళ్లీ పచ్చ రిపోర్టు. ఈలోపు ముందు టైరు లోపలి అంచు తినేస్తూ ఉంటుంది.

కారణం లోయర్ ఆర్మ్ వెనక బుష్. ఈ హ్యాచ్‌బ్యాక్‌ల ముందు సస్పెన్షన్‌లో చక్రాన్ని కింద నుంచి పట్టుకునేది ఇంచుమించు ఎల్ అక్షరంలా ఉండే ఆర్మ్. దాన్ని సబ్‌ఫ్రేమ్‌కి (ఇంజిన్ కింద ఉండే ఇనప చట్రానికి) కలిపే చోట రెండు రబ్బరు బుష్‌లుంటాయి. వెనకది పెద్దది, మధ్యలో ఖాళీలతో మెత్తగా ఉంటుంది, గుంతలో పడ్డ దెబ్బ అదే తింటుంది. అది చిరిగితే బ్రేక్ వేసినప్పుడు చక్రం కొంచెం వెనక్కి, లాగినప్పుడు కొంచెం ముందుకి జరుగుతుంది. జరిగినప్పుడల్లా టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది. అలైన్‌మెంట్ మిషన్ కొలిచేది నిలబడి ఉన్న బండిని. ఆ బండి మీద బ్రేక్ బరువూ లేదు, ఇంజిన్ లాగుడూ లేదు. అందుకే రిపోర్టులో ఏమీ కనపడదు.

చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద, ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల కట్టల మీద తిరిగిన బండి అయితే, మీటరు ఎంత తక్కువ చూపించినా ఈ బుష్‌ని అనుమానించండి.

ఎలా పట్టుకోవాలంటే: సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, చక్రాలు తిన్నగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందు గానీ వెనక గానీ మనుషులు ఉండకూడదు. ఒకరు లోపల కూర్చుని, కాలి బ్రేక్ వదిలేసి, మొదటి గేరులో క్లచ్ మెల్లగా పట్టుకునే దాకా వదలాలి. బండి ముందుకి ముక్కుతుంది, కదలదు. వెంటనే క్లచ్ నొక్కేసి రివర్సులో అలాగే చేయాలి. ఒక్కోసారి ఒకటి రెండు క్షణాలు చాలు, అంతకుమించితే క్లచ్ కాలుతుంది. రెండో మనిషి పక్కన దూరంగా నిలబడి ముందు టైరుకీ మడ్‌గార్డ్ అంచుకీ మధ్య సందు చూడాలి. కొంచెం కదలడం మామూలే. ఒక పక్క చక్రం రెండో పక్క కంటే స్పష్టంగా ఎక్కువ జరిగినా, టక్‌మని శబ్దం వచ్చినా బుష్ పోయినట్టే. రెండు పక్కలా ఎక్కువే జరిగితే రెండూ పోయినట్టు.

తర్వాత కింద నుంచి చూడండి. జాకీ ఎత్తి చక్రం వేలాడదీసి చూస్తే చిరుగు మూసుకుని కనపడకపోవచ్చు. చాలామంది మెకానిక్‌లు "బుష్‌లు బాగున్నాయి సార్" అనేది ఇక్కడే. ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య లివర్ పెట్టి నెడుతూ చూడాలి. పైపైన సన్న పగుళ్లు ఉంటే కంగారు అక్కర్లేదు. లివర్‌తో నెట్టినప్పుడు పగులు నోరు తెరిచి లోపలి ఇనప గొట్టం దాకా కనిపిస్తే మార్చాల్సిందే.

మార్చేటప్పుడు రెండు పక్కలా మార్చండి. ఆర్మ్ మొత్తంగా కొనొచ్చు, లేదా ప్రెస్ ఉన్న చోట బుష్ ఒక్కటే దింపించొచ్చు. బుష్ ఒక్కటే దింపితే పాతదాంట్లో ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో తీయకముందే ఫొటో తీయండి, బుష్ మీద గుర్తుంటే దాన్ని చూసుకోండి. అడ్డదిడ్డంగా దిగితే మెత్తగా ఉండాల్సిన దిక్కున గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కున మెత్తగా ఉంటుంది. చవక డూప్లికేట్ ఆర్మ్‌ల్లో ఇనుము కన్నా రబ్బరే ముందు పోతుంది.

"మూడు నెలల కిందటే బుష్‌లు మార్పించాను" అని అమ్మేవాళ్లు బిల్లు చూపిస్తారు. బిల్లు నిజమే, బుష్ మళ్లీ చిరిగిందీ నిజమే. ఎందుకంటే రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే ఆగిపోతుంది, ఆర్మ్ పైకీ కిందకీ కదిలినప్పుడు మధ్య రబ్బరు మెలితిరుగుతుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తే, కిందకి దింపగానే రబ్బరు ముందే మెలితిరిగి ఉంటుంది. ఆపైన పడే ప్రతి గుంతా దాన్ని ఇంకా మెలిపెడుతుంది. ఏళ్లు రావాల్సిన బుష్ నెలల్లో పోతుంది.

పద్ధతి: వేలాడుతున్నప్పుడు బోల్టులు చేతి బిగువు దాకా పెట్టాలి. తర్వాత బండిని గుంట మీద గానీ నాలుగు చక్రాలూ ఆనే ర్యాంపు మీద గానీ నిలపాలి. ఆ వసతి లేకపోతే బాడీ స్టాండు మీద ఉండగా ఆర్మ్ చివర బాల్ జాయింట్ కింద ఇంకో జాకీ పెట్టి, బాడీ స్టాండు నుంచి వెంట్రుక వాసి లేచేదాకా ఎత్తాలి. అప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగువు లెక్కకి) బిగించాలి. బోల్టు అడ్డంగా వెళ్లే బుష్‌లకి ఇది తప్పనిసరి. కొత్త బోల్టు వాడమని మాన్యువల్ చెప్తే కొత్తదే వాడాలి. ఆటోనగర్‌లో బండి ఇచ్చే ముందు మెకానిక్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "బోల్టులు ఎప్పుడు బిగిస్తావన్నా, ఎత్తినప్పుడా దించాకా?" జవాబును బట్టి బండి ఇవ్వాలో తీసుకుపోవాలో తేలిపోతుంది.

ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక అలైన్‌మెంట్ చేయించండి. ఈ రిపోర్టును నమ్మొచ్చు. ముందు టో సున్నా చాలు. మిల్లీమీటరో రెండో టో-అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తెరుచుకునేలా) పెడితే బండి చురుగ్గా తిరుగుతుంది గానీ, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి లోపలి అంచులు తినేస్తుంది.

మలుపు దాటేటప్పుడు లోపలి ముందు చక్రం గిరగిరా తిరిగిపోతోంది

ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే మామూలు గేర్ల పెట్టె) ఉన్న బండికి ఇది సహజం. బరువు బయటి చక్రం మీదికి పోతుంది, లోపలి చక్రం తేలికై శక్తంతా అక్కడే వృథా అవుతుంది. స్టీరింగ్ వెనక్కి తిరగడం మొదలయ్యాకే యాక్సిలరేటర్ ఇవ్వండి. వెనక టైర్లలో ఇంకో 2 పీఎస్‌ఐ పెంచి చూడండి. ఈ జారుడు తగ్గించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ గురించి మొదటి ఏడాది ఆలోచించొద్దు.

హైవే మీద పులి, కోన్ల మధ్య పిల్లి

ఇది రిపేరు సమస్య కాదు, ఎంపిక సమస్య. రెండో గేరులో వేగం తగ్గి మళ్లీ అందుకునేటప్పుడు టర్బో ఇంజిన్లు ఒక క్షణం తేలిపోతాయి. ఏఎంటీ (క్లచ్, గేర్లు తనే మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్) బండి గేరు మార్చేటప్పుడు తల ఊపుతుంది. ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ ఆగి ఆగి పాకితే వేడెక్కుతుంది. మాన్యువల్ గేర్లే చూడండి.

2018లో వచ్చిన మూడో తరం స్విఫ్ట్ పెట్రోల్ మాన్యువల్ 900 కిలోల లోపే. 2021 నుంచి దాంట్లో ఇంజిన్ శక్తి 90 పీఎస్, లాగుడు (టార్క్) 113 ఎన్‌ఎం. లెక్కకి తక్కువే అయినా కాలు పెట్టగానే స్పందిస్తుంది, సామాను ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే సరి. 2020 తర్వాతి పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్, 110 పీఎస్, 175 ఎన్‌ఎం, నడపడానికి ఇంకా కమ్మగా ఉంటుంది. కాకపోతే 2022లో ఆపేశారు, సామానుకి తిరగాలి. ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్, కానీ మొదట్లో మామూలు క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ ఇవ్వలేదు, 2023లో వచ్చింది. కొనేముందు పెడల్స్ లెక్కపెట్టుకోండి. ఆల్ట్రోజ్ రేసర్ కూడా 120 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్, బరువు ఎక్కువ. అబార్త్ పుంటో 145 పీఎస్ చూసి మనసు పారేసుకోకండి, దాని సామాను వెతుకులాటలోనే సీజన్ గడిచిపోతుంది.

ఈఎస్‌పీ (బండి జారకుండా తనే బ్రేక్, శక్తి సర్దే వ్యవస్థ) ఉన్న బండి మలుపు మధ్యలో ఊపిరి బిగబట్టినట్టు శక్తి తగ్గిస్తే అది లోపం కాదు. దాన్ని ఆపే బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టి చూడండి. కొన్నిట్లో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం ఊరికే తిరగకుండా ఆపేది) మాత్రమే ఆగుతుంది. మొదటి నెల ఈఎస్‌పీ ఆన్‌లో ఉన్నా నష్టం లేదు.

నాలుగో రన్‌కి బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది

బ్రేక్ ఆయిల్ పాతది, నీరు పీల్చుకుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక 155 దగ్గరే మరిగే అవకాశం ఉంది. ఆయిల్ మొత్తం మార్పించి గాలి తీయించండి. రన్ అవగానే నిలబెట్టేయకుండా మెల్లగా ఒక చుట్టు తిప్పి ఆపండి.

మిగతావి

పొడుగాటి మలుపులో ఇంజిన్ దగ్గితే ట్యాంకులో పెట్రోలు అడుగంటింది, పావు పైన ఉంచండి. స్టీరింగ్ తిప్పితే టకటకమంటే స్ట్రట్ మౌంట్ గానీ డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్ గానీ. సబ్‌ఫ్రేమ్ వంగడం సాధారణంగా గుద్దుకున్న బండ్లలోనే వస్తుంది, అలాంటి బండి కొననే వద్దు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ల బండి అయితే ఆర్మ్ బోల్టుల తుప్పు చూడండి. గొట్టంలో పట్టేసిన బోల్టు ఊడక కోయాల్సి వస్తే మజూరీ రెట్టింపవుతుంది.

ఇన్సూరెన్స్ కాగితంలో వాడకం పరిమితుల దగ్గర రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకి కవర్ లేదని ఉంటుంది. మైదానంలో స్తంభానికి గుద్దితే ఖర్చు మీదే, కాబట్టి ఓనరు చూపించిన స్థలంలో కోన్లు పెట్టే ముందు స్తంభాలు, కాలవ గట్లు ఎక్కడున్నాయో చూసి, వాటికి కనీసం పదిహేను ఇరవై మీటర్ల దూరంలో గీత గీసుకోండి.