ప్రీమియం ఫీజు కట్టే ముందు స్లాట్ తేదీ చూడండి

సెలవు మీద నల్గొండ వచ్చారు, హెచ్‌1బి (అమెరికా ఉద్యోగ వీసా) పిటిషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. మిత్తికి తెచ్చి ప్రీమియం (పిటిషన్‌ను త్వరగా చూడమని కట్టే అదనపు ఫీజు) కట్టే ముందు ఒక లెక్క వేసుకోండి. 2024 ఫిబ్రవరిలో ఈ ఫీజు 2,500 డాలర్ల నుంచి 2,805కి పెరిగింది. తాజా రేటు అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూడాలి. దానికి దక్కేది 15 పనిదినాల్లో స్పందన మాత్రమే, అప్రూవల్ గ్యారంటీ కాదు. అదనపు పత్రాలు అడిగితే, జవాబు అందాక మళ్లీ 15 పనిదినాలు.

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) తేదీ, అంటే స్లాట్ మాత్రం దీంతో ఒక్కరోజు కూడా ముందుకు జరగదు. స్లాట్ దగ్గర్లో ఉండి అప్రూవల్ రాకపోతే కట్టడం న్యాయమే. నెలల దూరంలో ఉంటే ఆగండి, పెండింగ్ పిటిషన్‌ను తర్వాతైనా ఐ-907 ఫారంతో ప్రీమియంకు మార్చొచ్చు. ఆ ఫారం కంపెనీయో, దాని లాయరో వేయాలి. అవసరం కంపెనీదైతే ఫీజూ వాళ్లనే కట్టమని గట్టిగా అడగండి.