మొదటి ప్రాక్టికల్‌కి వెళ్లే ముందు

కోఠిలో ల్యాబ్ కోటు కొంటున్నారా? కాటన్‌దే అడగండి. పాలిస్టర్ అయితే మంట తగిలినప్పుడు కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎండలు ఎంత మండినా చెప్పులతో రావద్దు, పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి. జుట్టు ముడి వేసుకుని, చున్నీ కోటు లోపలికి దోపుకోండి. పిప్పెట్‌ను, అంటే ద్రవాన్ని కొలిచి తీసే సన్నటి గొట్టాన్ని, నోటితో పీల్చడం మా రోజుల్లో మామూలే. మీరు మాత్రం రబ్బరు బల్బే వాడండి.

ఆసిడ్‌ను నీళ్లలో పోయాలి, కొద్దికొద్దిగా, కలుపుతూ. నీళ్లను ఆసిడ్‌లో పోస్తే ఆ వేడికి మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే వెంటనే కుళాయి కిందికి. కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి.

ఇక కొలతలు. మార్కులు పోయేది ఇక్కడే. మన ఊళ్లో ప్లాటు గజాల్లో, ఫ్లాటు చదరపు అడుగుల్లో కొంటాం కానీ ల్యాబ్‌లో అవేవీ చెల్లవు. మీటరు, గ్రాము, లీటరు, అంతే. 1 మిల్లీలీటరు అంటే 1 ఘన సెంటీమీటరే. కొలజాడీలో నీళ్లు పోశాక చూడండి, అంచుల దగ్గర కాస్త పైకి పాకి మధ్యలో గిన్నెలా దిగి ఉంటాయి. ఆ గిన్నె అడుగు ఏ గీత దగ్గరుంటే అదే రీడింగ్. జాడీని చేత్తో ఎత్తకండి, బల్ల మీదే ఉంచి మీరే వంగి కంటిని ఆ ఎత్తుకు తెచ్చుకోండి. పైనుంచి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది.

స్కేలు అంచు అరిగిందా? 1 సెంటీమీటరు గీత నుంచి కొలిచి, ఆ 1 తీసేయండి. త్రాసు ముందు సున్నా చూపించాలి. అంకెలు ఊగుతూనే ఉంటే టెన్షన్ పడకుండా ఒకసారి పైకి చూడండి, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.