బోరు బండి దగ్గర రాడ్డు లెక్క రాయడం, ఫోన్‌లో కబురు అర్థం చేసుకోవడం

తోట పలమనేరు దగ్గర, యజమాని తిరుపతిలో. "అన్నా, 600 అడుగులు అయింది, నీళ్లు లేవు, ఇంకా దుమ్మే" అని బోరు బండి దగ్గర నుంచి ఫోన్ వస్తుంది. ఇంకో నూరు దించమనాలా, ఆపమనాలా? ఈ ఒక్క ముక్క విని ఎవరూ చెప్పలేరు. రాడ్డు (బోరులోకి ఒకదానికొకటి బిగించి దించే ఇనప గొట్టం) రాడ్డుకూ రాసిన పుస్తకం ఉంటే చెప్పొచ్చు.

బండి రాకముందే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి చేతిలో ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అయితే అనుమతి లేకుండా అసలు కుదరదు.

బండి దగ్గర నమ్మకమైన మనిషి ఒకరిని పుస్తకంతో కూర్చోబెట్టండి. రాడ్డుకు ఒక వరుస: రాడ్డు నంబరు, మొదలైన టైము, ముగిసిన టైము, పొడి రంగు, తడి ఉందా లేదా. లోతు అంటే దిగిన రాడ్లు ఇంటూ రాడ్డు పొడవు. ఎక్కువగా 20 అడుగులవే ఉంటాయి, అయినా ముందే టేపు పెట్టి చూడండి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బండి కుర్రాళ్లు తమిళంలో ఎంచుతారు, మనవైపు అదేం ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా బిల్లు దగ్గరే. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది కాబట్టి, చివర్లో రెండు రాడ్లు ఎక్కువ పడితే అవి ఖరీదైన రాడ్లే.

కేసింగ్ పైపులు (పై మట్టి జారకుండా బోరులో దించేవి) విడిగా లెక్కపెట్టుకోండి. మొరం దాటి గట్టి బండలోకి కొన్ని అడుగులు దిగాకే కేసింగ్ కూర్చోవాలి. ఖర్చు తగ్గుతుందని మొరంలోనే ఆపితే మట్టి జారి, రాడ్ల కొసన బండను కొట్టే హామర్ ఇరుక్కుంటుంది. ఆ రోజు తప్పించుకున్నా, తర్వాత మోటారు మీద పడుతుంది.

పుస్తకంలో అసలు చూడాల్సింది టైము. రాడ్డుకు 15 నిమిషాలు పడుతున్నది ఉన్నట్టుండి 6 నిమిషాల్లో దిగి, పొడి బదులు ఎర్రటి ముక్కలు వస్తే గ్యాప్ (బండలో పగులు) తగిలినట్టే. అక్కడ ఆపి కాసేపు గాలి కొట్టించండి. అదే 25 నిమిషాలకు పెరిగితే బిట్టు (హామర్ కొసన బండను పగలగొట్టే ముక్క) బటన్లు అరిగి ఉండాలి, బండ గట్టిపడి ఉండాలి, లేదా బోరులో చేరిన నీటి బరువు గాలికి అడ్డుపడుతుండాలి. మూడింటిలో ఏదో డ్రిల్లర్‌ని అడగండి. "అంతే సార్, రాయి" అంటే బిట్టు పైకి తీయించి చూడండి.

"రెండించుల నీళ్లు" అన్నారంటే కంటితో చూసి అన్నారా, వి-నాచ్ పలకతో (వి ఆకారంలో గాడి కోసిన రేకు, అందులోంచి పారే నీటి ఎత్తు చూస్తారు) కొలిచారా అని అడగండి. 90 డిగ్రీల నాచ్‌లో నీటి ఎత్తు 1 ఇంచు అంటే గంటకు సుమారు 500 లీటర్లు, 2 ఇంచులంటే 2,900, 3 ఇంచులంటే 8,000. అర ఇంచు తేడాతో మోటారు సైజే మారిపోతుంది. గ్యాప్ తగిలిన మొదటి నిమిషాల్లో ఎగజిమ్మేది పగుళ్లలో నిల్వ ఉన్న నీరు. అరగంట ఫ్లషింగ్ (గాలి కొట్టి బోరు కడగడం) అయ్యాక, ధార నిలకడగా ఉన్నప్పుడు కొలిచిందే రాయండి.

ఇక ఆ 600 అడుగుల ప్రశ్న. గత 10 రాడ్లలో టైమూ రంగూ మారకపోతే మా మాట: ఆపండి. ఎక్కడ ఆపాలో బండి ఎక్కించకముందే అనుకోవడం మంచిది. అర్ధరాత్రి కంప్రెసర్ మోతలో "ఇంకొక్క నూరు" అనే ఆశకు అడ్డు ఉండదు.

నీళ్లు పడినా పడకపోయినా, బండి కదిలే ముందే కేసింగ్ మూతికి మూత బిగించాలి. వదిలేసిన బోరైతే అడుగు నుంచి పైదాకా మట్టి, రాళ్లతో పూడ్చాలి. ఇది 2010లో సుప్రీంకోర్టు పెట్టిన నియమం. గోనెసంచి కప్పి రాయి పెడితే మూత పెట్టినట్టు కాదు.