నొప్పి లేని రోజుల్లోనే చూసుకోవాల్సినవి: ఇంటిల్లిపాది పళ్ళ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పంటి జబ్బుల విషయంలో నొప్పిని నమ్ముకుంటే మోసపోతాం. పన్ను పుచ్చడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, చిగుళ్ళ వ్యాధి ముదిరి పన్ను కదిలే దాకా కూడా చాలామందికి ఏ బాధా తెలియదు, తీరా విపరీతంగా నొప్పి పుట్టి దానంతట అదే తగ్గిపోయిందంటే అది తరచుగా నయమైన సూచన కాదు. అందుకే ఇక్కడ నొప్పికి ముందు కనిపించే గుర్తులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి నెత్తురు

బ్రష్ గట్టిగా ఉందనో, ఒంట్లో వేడి చేసిందనో సరిపెట్టుకునే ఈ లక్షణానికి అసలు కారణం చాలావరకు చిగురు అంచున పేరుకున్న పాచి. వెలుతురులో అద్దం ముందు నిలబడి పెదవి పక్కకు లాగి చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు పంటిని గట్టిగా అంటిపెట్టుకుని, రెండు పళ్ళ మధ్య మొనదేలి ఉంటుంది. జబ్బుపడినది ఉబ్బి, ఎర్రబారి, నున్నగా మెరుస్తుంది. మన వాళ్ళలో చాలామందికి చిగుళ్ళ మీద ఉండే నల్లటి ఛాయ మాత్రం ఒంటి రంగులో భాగమే కనుక దాని గురించి దిగులు అక్కరలేదు. తర్వాత కింది ముందు పళ్ళ లోపలి వైపు నాలుకతో తడమండి. గరుకుగా తగిలితే పాచి గట్టిపడి గారగా మారిందన్నమాట.

నెత్తురు వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేయడం వల్ల పాచి ఇంకా పేరుకుని, వాపు పెరిగి, నెత్తురు మరింత ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, నొక్కకుండా, చిన్న చిన్న కదలికలతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోమితే, పాచి మాత్రమే కారణమైనప్పుడు ఒకటి రెండు వారాల్లో నెత్తురు తగ్గుముఖం పడుతుంది. తగ్గలేదంటే గార ఉండి ఉండవచ్చు. అది ఏ బ్రష్‌కూ, ఏ పళ్ళపొడికీ ఊడదు, దంతవైద్యులు స్కేలింగ్ చేసి తీయవలసిందే. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి చాలాకాలంగా గార పేరుకున్నచోట లోపలి ఎముక అప్పటికే కొంత కరిగిపోయి ఉండవచ్చు, అడ్డుగోడలా నిలిచిన గార తొలగగానే ఆ సంగతి బయటపడుతుంది. తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనడం మామూలే.

స్కేలింగ్ తర్వాత కూడా చిగుళ్ళు కుదుటపడకపోతే షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది. అదుపులో లేని షుగర్ చిగుళ్ళను పాడుచేస్తుంది, చిగుళ్ళ వ్యాధి షుగర్‌ను అదుపులోకి రానివ్వదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్ళను పెంచుతాయి. అలాంటప్పుడు మాత్రలు సొంతంగా ఆపకుండా, రాసిచ్చిన వైద్యుడితోనే మాట్లాడాలి. గర్భిణులకు హార్మోన్ల మార్పుల వల్ల చిగుళ్ళు వాస్తాయి, వారికి నాలుగు నుంచి ఆరో నెల వరకు దంతచికిత్సకు అనువైన కాలం.

చల్లనివి, పులుపు తగిలితే జివ్వుమనడం

పళ్ళను అడ్డంగా గట్టిగా రుద్దేవారికి చిగురు దగ్గర గాడి పడుతుంది; గోటితో తడిమితే తెలుస్తుంది. బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్ళపొడులు కూడా ఇదే పని చేస్తాయి. వాటిని మాని, సెన్సిటివిటీ పేస్టును కొన్ని వారాలు వాడి చూడవచ్చు. నిమ్మరసం, కూల్‌డ్రింక్ తాగిన వెంటనే కాకుండా నోరు పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి. ఒకే పన్ను జివ్వుమంటుంటే మాత్రం పేస్టు మార్చి కాలం గడపకండి, అది పుచ్చో పగులో అయి ఉండే అవకాశం ఎక్కువ.

రాత్రి పడుకోగానే పోటు, కొన్నాళ్ళకు దానంతటదే తగ్గడం

పుచ్చు లోపలి నరం దాకా చేరిందనడానికి రాత్రి పూట పోటు బలమైన గుర్తు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళ, యాంటీబయాటిక్ కొనుక్కుని నెట్టుకొచ్చేవారికి ఒక రోజు పోటు ఆగిపోతుంది. చాలాసార్లు అది నరం చచ్చిపోవడం వల్లే. సూక్ష్మజీవులు అక్కడే ఉండి వేరు కొస దగ్గర చీము చేరుస్తాయి. రూట్ కెనాల్ (పంటి లోపలి చెడిన నరాన్ని తీసి, శుభ్రం చేసి మూసే చికిత్స) గానీ, పన్ను నిలిచే స్థితిలో లేకపోతే తీయించడం గానీ తప్ప దీనికి మందు బిళ్ళ పరిష్కారం కాదు. లవంగ నూనె కాసేపు ఉపశమనం ఇస్తుంది, కానీ దూదిలో ముంచి గంటలకొద్దీ అదిమిపెడితే చిగురు కాలుతుంది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్నది వట్టి అపోహ. దవడ కింద వాపుతో పాటు జ్వరం, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం ఉంటే అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

పుచ్చు రావడానికి ఎంత తీపి తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఆఫీసులో గంటకో ఇరానీ చాయ్, దానితో పళ్ళ సందుల్లో అతుక్కునే ఉస్మానియా బిస్కెట్ తీసుకునేవారి నోటిలో ఆమ్లం విరామం లేకుండా తయారవుతూనే ఉంటుంది. చాయ్ మానమనడం మన హైదరాబాద్‌లో జరిగే పని కాదు. రెండు పూటలకు కుదించి, వెంటనే నీళ్ళతో పుక్కిలిస్తే చాలా మేలు.

పిల్లల పళ్ళు: తెల్లటి గీత, కొత్త దవడ పన్ను, గోధుమ మచ్చలు

ఏడాది, రెండేళ్ళ పిల్లల పై పెదవి ఎత్తి చూస్తే చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తుందా? పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో పుచ్చుకు అదే తొలి మెట్టు. ఈ దశలో సీసా మానిపించి, మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పెద్దలే తోమితే గీత అక్కడితో ఆగవచ్చు. గోధుమ రంగుకు తిరిగితే వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. పేస్టు పెట్టె మీద ఫ్లోరైడ్ మోతాదు చూసి కొనండి, చాలా హెర్బల్ పేస్టుల్లో అది ఉండదు.

ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వరుస చివర, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కనుక అదీ పాలపన్నేననుకుని వదిలేసే తల్లిదండ్రులు ఎక్కువ. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీది లోతైన గాళ్ళలో బ్రష్ పోచలు దూరవు కాబట్టి, పన్ను పూర్తిగా పైకి రాగానే సీలెంట్ (ఆ గాళ్ళను మూసే పూత) వేయిస్తే పుచ్చు చాలావరకు తప్పుతుంది.

శాశ్వత పళ్ళ మీద సుద్ద రంగులోనో గోధుమ రంగులోనో మచ్చలతో వచ్చే పిల్లల్లో ఫ్లోరోసిస్‌ను, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బును అనుమానించాలి. నల్గొండ ప్రాంతం దీనికి పేరుపడింది. హైదరాబాద్‌లో జలమండలి ఇచ్చే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు తాగేవారి సంగతి వేరు, శివారు కాలనీల్లో బోరు నీళ్ళే తాగించే ఇళ్ళ సంగతి వేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఎనిమిదేళ్ళ లోపు పిల్లల పళ్ళు లోపల తయారయ్యే దశలోనే హాని చేస్తుంది. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆర్‌వో తగ్గిస్తుంది. పడిపోయిన మచ్చలు తోమితే పోవు. అందానికి చేసే చికిత్సలు ఉన్నాయి.

నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం

మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుని, కారం తగిలితే మంట పుడుతుంటే వక్క, గుట్కా, జర్దా అలవాటు గురించి సూటిగా అడగాలి. పొగాకు లేని వక్క కూడా ఈ జబ్బు తెస్తుంది, ఇది క్యాన్సర్‌కు దారితీయగలదు. అలవాటు ఆ రోజే ఆపి పరీక్ష చేయించాలి. రెండు వారాలు దాటినా మానని ఏ నోటిపుండుకైనా ఇదే మాట.

దెబ్బ తగిలి ఊడిన పన్ను

శాశ్వత పన్నయితే వేరు ముట్టకుండా పై భాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, చల్లటి పాలలో వేసి అరగంటలోగా వైద్యుల దగ్గరికి చేర్చితే తిరిగి నిలిచే అవకాశం ఉంటుంది. పాలపన్నును తిరిగి పెట్టకూడదు.

తాతయ్య, నానమ్మల కట్టుడు పళ్ళు

ఒరుసుకుని పుండు పడితే ఇంట్లో అరగదీయకండి. రాత్రి తీసి, తోమి, నీళ్ళలో ఉంచాలి.

ఖర్చుకు వెనుకాడేవారికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడికైనా, వీధి చివరి క్లినిక్‌కైనా వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, ముఖ్యంగా రక్తం పలుచబడడానికి వేసుకునే మాత్రల చీటీ, వెంట తీసుకెళ్ళండి.